తిరిగి వచ్చిన తాంబూలం

న్యాయవాద వృత్తిలో కొత్తగా అడుగుపెట్టిన చిరంజీవులు కొందరు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. తమ సంస్థలో ప్రతి న్యాయవాదీ ఏటా కొన్ని గంటలు పేదల కోసం ప్రతిఫలం లేకుండా పనిచేయాలన్న నియమం ఉన్నదనీ, అది ఇప్పుడు దేశదేశాల్లో పెద్ద సంస్థలన్నీ పాటిస్తున్న పద్ధతి అనీ ఎంతో ఉత్సాహంతో చెప్పారు. విని సంతోషించాను. అయితే వారిలో ఒకరు, "ఉచితంగా చేస్తామంటే కక్షిదారుకు ఇక అభ్యంతరమేముంటుందండీ?" అన్నప్పుడు మాత్రం చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. ఆ అభ్యంతరమేమిటో నేను ఒకనాడు జంషెడ్‌పూర్‌లో, బాగ్‌బేరా రైలు యార్డు పక్కన, ఒక ఇంటి గడప ముందు నిలబడి విన్నాను. విన్ననాటి దిగ్భ్రాంతి నాకు ఇంకా పూర్తిగా తీరలేదు. వారికి ఆ పూట చెప్పిన వృత్తాంతాన్నే ఇక్కడ మీ అందరి కోసం వ్రాస్తున్నాను.

బీహారు నుండి ఝార్ఖండ్ విడివడిన తొలి సంవత్సరాలవి. న్యాయస్థానపు కాగితాల మీద అచ్చయి ఉన్న పాత రాష్ట్రం పేరును గుమాస్తాలు కొట్టివేసి, కొత్త పేరును చేతితో వ్రాసుకుంటున్న రోజులు. నేను అప్పటికే తల నెరిసిన వకీలును. కావ్యాలూ వ్యాకరణమూ చదువుకుని, పొట్టకూటి కోసం న్యాయశాస్త్రం చేపట్టి, ఉక్కు నగరానికి చేరి, హిందీలో వాదిస్తూ తెలుగులో ఆలోచిస్తూ బ్రతికినవాణ్ణి. నా వ్యవహారమంతా కార్మిక న్యాయస్థానంలోనే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చి కాంట్రాక్టు పనుల్లో కుదురుకున్న మనవాళ్ళు ఏ చిక్కు వచ్చినా సాక్చిలోని నా గది మెట్లెక్కేవారు.

అలా ఎక్కినవారిలో బాగ్‌బేరాకు చెందిన ఒక ఇల్లాలు ఉన్నది. ఆమె భర్త జంషెడ్‌పూర్ పొరుగునున్న గమ్హరియాలో తెల్లరాతిని పిండి చేసే ఒక మిల్లులో పనిచేశాడు. ఆ రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకుని, దగ్గీ దగ్గీ, నడివయసు రాకముందే కన్నుమూశాడు. నష్టపరిహారం కోసం ఆమె దావా వేయగా, మిల్లు యజమాని ఒకే ఒక్క వాక్యంతో జవాబు దాఖలు చేశాడు. ఆ పేరు గల మనిషి తమ మిల్లులో ఏనాడూ పనిచేయలేదట!

మీరు ఆశ్చర్యపోవద్దు. ఆ రోజుల్లో అది సర్వసాధారణమైన ప్రత్యుత్తరం. మనుషులను మిల్లుకు తెచ్చేవాడు ఒక మేస్త్రీ, కూలి చేతికిచ్చేవాడూ అతడే. చచ్చిపోయినవాడు అక్కడ పనిచేశాడని చూపడానికి గేటుపాసు లేదు, హాజరీపట్టీలో పేరు లేదు. తోటివారు కొందరు ఊళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలినవారికి పని పోతుందని భయం. నిత్యమూ మధ్యాహ్నం భర్తకు భోజనం పట్టుకుని మిల్లు లోపలిదాకా వెళ్ళిన ఈ ఇల్లాలే ఏకైక సాక్షి. ఆమె నోరు విప్పితే వ్యాజ్యం నిలుస్తుంది. విప్పకపోతే అతడు అక్కడ పనిచేయనట్లే, ఆ ధూళి పీల్చనట్లే. ఆమె నాతో అన్నది కూడా అదే: "డబ్బులు ఇత్తే ఇత్తాడు, నేపోతే నేదు బావు. కానీ మా ఆయన ఆడి మిల్లులో పనే సెయ్యనేదంటే ఎలగ? మరి ఎక్కడ సచ్చిపోనాడంటాడు?"

ఆ సమయంలోనే, కార్మికుల ఆరోగ్యం కోసం పాటుపడే ఒక సంఘం చొరవతో, ఢిల్లీలోని ఒక పెద్ద న్యాయవాద సంస్థ ఈ వ్యాజ్యాన్ని చేపట్టడానికి ముందుకు వచ్చింది. పైసా పుచ్చుకోరు. రైలు ఖర్చులు కూడా వారివే. సంస్థ తరఫున వచ్చిన న్యాయవాదిని ఇంగ్లాండులో చదివివచ్చిన యువతి. నిండైన బుద్ధి, నిదానమైన మాట. స్థానికంగా సహాయానికి నన్ను కోరారు. నేను కూడా ఉచితంగానే చేయవలసి ఉంటుందని ఆమె మొహమాటపడుతూ చెప్పింది. ఇన్నాళ్ళూ సగం వ్యాజ్యాలు దాదాపు అలాగే చేశాననీ, దానికొక పేరున్నదని మాత్రం ఇప్పుడే తెలిసిందనీ అన్నాను.

ఆ పేరు "ప్రో బోనో" అట. టిఫిను వేళ ఆమె చెప్పే కబుర్లు నాకు ఎంతో వింతగా ఉండేవి. అమెరికాలో పెద్ద సంస్థలు తమ వకీళ్ళు పేదలకు ఎన్ని గంటలు వెచ్చించారో లెక్కగట్టి, ఒకరితో ఒకరు పోటీ పడతారట. ఇంగ్లాండులోనూ ఆ ఉత్సాహం పెరుగుతున్నదట. సంస్థలో చేరబోయే యువకులు జీతంతో పాటు ఈ సంగతి కూడా అడుగుతున్నారట. ఆ గాలి ఇప్పుడు మన మహానగరాలకూ సోకిందన్న మాట. ధర్మకార్యానికి ప్రపంచం ఇంత పెద్ద యంత్రాంగం నిర్మించుకుంటున్నదా అని నేను విస్తుపోయేవాణ్ణి.

మా బార్ గదిలోని ఒక వంగదేశపు పెద్దవకీలుకు మాత్రం ఇవేవీ ఎక్కలేదు. ఆయన చదరంగం బల్ల మీది నుండి తల ఎత్తకుండానే, "పండిత్‌జీ, మీ ఢిల్లీ అమ్మాయికి ఫీజు ఎవరిస్తున్నారు?" అని హిందీలో అడిగాడు.

"ఎవరూ ఇవ్వరు."

"అయితే ఆమె ఎవరి వకీలు?"

గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వుకు కారణం ఉన్నది. మా న్యాయస్థానంలో కార్మికుని వద్ద ఫీజు పుచ్చుకోకుండా వాదించే కొందరు మహానుభావులు ఉండేవారు. వారికి ఆ ఫీజు యజమాని ఇంటి నుండి అందేది. వాయిదాకు వారు రారు, వచ్చినా అడగవలసింది అడగరు. అందుచేత మా ఊరి కార్మికుల మనస్సులో ఉచితమన్న మాటకు ఒక చేదు అంటుకుని ఉన్నది. నేనూ అందరితో పాటు నవ్వి ఊరుకున్నాను.

ఢిల్లీ న్యాయవాదిని ఆ ఇల్లాలిని మొదటిసారి కలుసుకున్నది నా గదిలోనే. పరిచయాలు చేసి, నేను కూర్చోబోతుండగానే న్యాయస్థానంలో వేరొక వ్యాజ్యం పిలిచారని కబురు వచ్చింది. పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఆ ఇల్లాలూ ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళూ వెళ్ళిపోయారు. సంభాషణ బాగా జరిగిందనీ, వారు చాలా మర్యాదస్థులనీ ఢిల్లీ న్యాయవాదిని తృప్తిగా చెప్పింది. ఆమెకు హిందీ, వారికి హిందీ. ఇక నా అవసరమేమున్నదని నేను అనుకున్నాను.

తరువాతి వాయిదాకు ఆ ఇల్లాలు రాలేదు. ఒంట్లో బాగుండలేదేమో అనుకున్నాము. ఆ తరువాతి వాయిదాకూ రాలేదు. కబురు పంపితే "ఊఁ" అన్నదట, అంతే. న్యాయాధికారి నిష్పక్షపాతి అయినా కాలహరణం గిట్టని మనిషి. మరుసటి వాయిదాకు సాక్షి రాకపోతే ఇక మీ సాక్ష్యం ముగిసినట్లేనని ఖండితంగా చెప్పారు.

ఆ వాయిదానాడు ఢిల్లీ న్యాయవాదిని తెల్లవారే రైలు దిగింది. న్యాయస్థానం వరండాలో మేమిద్దరమూ ఎదురుచూశాము. వ్యాజ్యం పిలిచారు. సాక్షి లేదు. ఎదుటి పక్షపు వకీలు చేతులు కట్టుకుని, చిరునవ్వుతో పైకప్పు చూస్తున్నాడు. మధ్యాహ్న విరామం తరువాత హాజరుపరుస్తామని నేను బ్రతిమాలగా, న్యాయాధికారి గోడగడియారం వైపు చేయి చూపి సరే అన్నారు. మేము ఆటో ఎక్కి బాగ్‌బేరాకు పరుగెత్తాము.

దారి పొడవునా ఢిల్లీ న్యాయవాదిని ఆమెను ఎవరో బెదిరించి ఉంటారని అంటూనే ఉన్నది. నేనూ అదే భయపడ్డాను. ఆ గుమ్మం ముందు తాళమో, లేక మిల్లు మనుషులో కనబడతారని ఊహించాను. తీరా చూస్తే ఆ ఇల్లాలు గడప మీద నిశ్చింతగా కూర్చుని చేటలో బియ్యం చెరుగుతున్నది.

"ఓలమ్మ! వకీలు బాబేటి ఇలగొచ్చీసినారు! లోపలికి రండి బావు. ఆ అమ్మని కూడా రమ్మనండి," అంటూ లేచింది. ఆ మర్యాదలో లోపమేమీ లేదు.

"ఈ పూట నీ సాక్ష్యం కదమ్మా! కోర్టుకు రాలేదేమి?" అన్నాను.

"నానెందుకొత్తాను బావు? ఆ అమ్మ నా తగువు వద్దనీసింది కదా."

నేను ఢిల్లీ న్యాయవాదిని ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది.

"ఎప్పుడు వద్దన్నది?"

"మీ గదిలోనే. మీరటెల్లినారు, నాను తాంబూలం ఎట్టినాను. ఆకులు, వక్కలు, రెండరటిపళ్ళు పళ్ళెంలో ఎట్టి సేతికిచ్చినాను. అందుకున్నాది. అందుకుని, మళ్ళీ నా సేతిలోనే ఎట్టీసింది. నవ్వుతూ ఎట్టీసింది బావు! తిట్టి తిప్పినా బాగున్ను."

చిరంజీవులారా, ఈ తాంబూలం సంగతి మీకు కొంచెం చెప్పాలి. మనకు తాంబూలమంటే పేరంటమూ పెళ్ళీ మాత్రమే స్ఫురిస్తాయి. ఆ ప్రాంతపు శ్రమజీవుల కుటుంబాలలో దానికి మరొక ప్రయోజనం ఉన్నది. తగాదా వచ్చినవారు తమ వైపు నిలబడమని ఒక పెద్దమనిషి ముందు తాంబూలం పెడతారు. ఆయన పుచ్చుకుంటే ఆ తగాదా అప్పటినుండి ఆయనది. ఇక ఎదుటివారితో చేయి కలపడానికి లేదు. తాంబూలం తిరిగి ఇచ్చివేస్తే, నాకు వద్దు, మరొకరిని చూసుకో అని అర్థం. నోటితో వేరే చెప్పనక్కరలేదు. ఇంతకుముందు నా దగ్గరకు వచ్చినప్పుడు వారు ఇది ఎన్నడూ పెట్టలేదు. ఎందుకంటే నా దగ్గర పదో పరకో అయినా ఫీజని ఇచ్చుకునేవారు, ఆ ఫీజే ముడి. ఇక్కడ ఫీజు లేదు. ముడి ఎక్కడ వేయాలో తెలియక, తమకు తెలిసిన ముడి తెచ్చుకున్నారు.

ఆ ఇల్లాలు చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నది: "డబ్బులు వద్దంది, సరే. ఆకు కూడా వద్దంది. మరి నా మనిసని నాకెలగ తెలుత్తాది బావు?"

నేను ఇదంతా ఢిల్లీ న్యాయవాదినికి హిందీలో వివరించాను. ఉచితంగా పనిచేసేటప్పుడు కక్షిదారు వద్ద ఏ వస్తువూ, పండైనా సరే, పుచ్చుకోరాదన్నది వారి సంస్థ నియమం. పేదవారు ఏదో ఒకటి ఇచ్చుకోవలసి వస్తుందేమోనని బాధపడకూడదన్న సదుద్దేశంతో పెట్టిన నియమం. ఆమె దానిని అక్షరాలా పాటించింది. నవ్వుతూ, రెండు చేతులతో, ఎంతో గౌరవంగా పాటించింది.

ఆమె ఆ గడప పక్కనే నేల మీద కూలబడి, "ఇప్పుడు ఇవ్వమనండి, పుచ్చుకుంటాను," అన్నది. "నియమం సంగతి నేను చూసుకుంటాను."

ఆ ఇల్లాలికి హిందీ అర్థమైంది. తల అడ్డంగా ఊపింది. "అబ్ తో మావయ్యకే దే దియా, దీదీ. ఏక్ ఝగడా దో కో కైసే దేగా?" అన్నది. మావయ్యకు ఇచ్చేశానని, ఒక తగువును ఇద్దరికి ఎలా ఇస్తానని.

"ఏ మావయ్యకు?" అన్నాను.

"మేస్త్రీ మావయ్యకి. ఈ అమ్మ తిప్పీసిన్నాక ఇంకెవుళున్నారు? పట్టికెల్లినాను, తీసుకున్నాడు."

ఆమె భర్తను మిల్లులో పనికి పెట్టిన మేస్త్రీ అతడే. అంతకంటె ఘోరం, మిల్లు యజమాని దాఖలు చేసిన సాక్షుల జాబితాలో మొదటి పేరు అతడిదే! ఆ మనిషిని తాను ఎరుగనని చెప్పడానికే అతడిని పిలిచారు. సొంత పక్షం వకీలు ఆమెను త్రిప్పిపంపింది. ఎదుటి పక్షపు సాక్షి ఆమె తగాదాను నెత్తికెత్తుకున్నాడు. ఇన్నేళ్ళ వృత్తిలో ఇటువంటి విపర్యాసాన్ని నేను కనలేదు, వినలేదు.

గూడ్సు బండి ఒకటి యార్డులో పెట్టెలు తగిలించుకుంటూ చాలాసేపు మోత చేసింది. నాకైతే అంతా ముగిసిపోయిందనే తోచింది. ఢిల్లీ న్యాయవాదిని మాత్రం తలెత్తి, న్యాయస్థానంలో నిలబడి అడిగినట్లే అడిగింది: "తాంబూలం ఇచ్చినవారి బాధ్యత తెలిసింది. పుచ్చుకున్నవాడి బాధ్యత ఏమిటి? అడగండి."

నేను తెలుగులో అడిగాను.

"ఏటుంటాది బావు? నా తగువు ఆడి తగువే. నా తరపున పదిమందిలో మాటాడాల."

"మాట్లాడాడా?"

"సేటుతో మాటాడతానన్నాడు. నువ్వు ఇంట్లో కూకో, కోర్టు గడప తొక్కకు అన్నాడు."

"అది నీ తరఫున మాట్లాడటమేనా?"

ఆమె చేతిలో చేట ఆగిపోయింది. తరువాత చేట పక్కన పెట్టి, కొంగు విదిలించి, "రండి," అన్నది.

మేస్త్రీ ఇల్లు రెండు సందుల అవతల ఉన్నది. సందు మొదట్లోనే ఢిల్లీ న్యాయవాదిని నా కోటు అంచు పట్టుకుని ఆపింది. ఎదుటి పక్షం సాక్షితో మనం మాట్లాడరాదు, అది తప్పు అన్నది. నిజమే. ఆ ఇల్లాలు ఒక్కతే ముందుకు వెళ్ళింది. మేము మురికికాలువ గట్టు మీద నిలబడ్డాము. మాట్లాడరాదన్న నియమం ఉన్నది కాని, చెవులు మూసుకోవాలన్న నియమం లేదు.

మేస్త్రీ తెల్లచొక్కా తొడుక్కుని నులకమంచం మీద కూర్చున్నాడు. పొట్టిగా, దిట్టంగా, నెరిసిన మీసాలతో ఉన్నాడు. వాకిట్లో గిన్నెలు తోముతున్న అతని భార్య ఈమెను చూసి, "రాయే, రా! మీ మావయ్య పొద్దున్నించి పెళ్ళికొడుకునాగ సొక్కా తొడిగీసి కూకున్నాడు. సేటు జీపు పంపుతాడట. కోర్టుకట!" అన్నది.

"మావయ్యా, నా తాంబూలం ఏటి సేసినావు?"

"ఏటి సేత్తాను? తిన్నాను."

"తిన్నావు కదా. మరి నా మాటెప్పుడాడతావు?"

"ఆడతానన్నాను కదే! సేటు మంచి మూడులో ఉన్నప్పుడు సూసి..."

"మా ఆయన పోయి ఎన్నాళ్ళయినాది? ఆడికింకా మూడు రానేదేటి?"

"గొడవెట్టకు. నాను సేటు మనిసిని. నా గ్యాంగులో ఎంతమంది ఉన్నారో నీకు ఎరికేనా? ఆలందరి పనీ పోతాది."

"సేటు మనిసివైతే నా ఆకెందుకు నమిలినావు?"

మేస్త్రీ చొక్కా గుండీ సవరించుకున్నాడు. గిన్నె మీద బూడిద రుద్దుతున్న భార్య తల ఎత్తకుండానే, "నమిలినప్పుడు బాగా ఆడింది నోరు. ఇప్పుడేటయిపోనాది?" అన్నది.

"నువ్వూరుకోయే!"

"నానూరుకుంటాను. ఊళ్ళో వోలూరుకుంటారా?"

ఇంతలో సందు చివర జీపు హారను మోగింది. మేస్త్రీ లేచాడు. గోడకున్న అద్దంలో చూసుకుంటూ నిదానంగా తల దువ్వుకున్నాడు. గడప దాటుతూ ఆ ఇల్లాలి వైపు తిరగకుండానే, "కోర్టుకి నువ్వూ రా. నీ మాట నువ్వు సెప్పుకో. నాను వద్దనను," అన్నాడు. మా ముందునుండే నడిచి వెళ్ళాడు. మా వైపు చూడలేదు. జీపులో ముందు సీటులో కూర్చున్నాడు.

అతడు జీపులో, మేము ముగ్గురమూ ఆటోలో, ఒకే దారిన ఒకే న్యాయస్థానానికి బయలుదేరాము. ఆ ఇల్లాలికి విడుదల దొరికింది, అంతవరకు మేలు. కాని అతడు వెళుతున్నది యజమాని జీపులో, యజమాని సాక్షిగా. ఈమె చెప్పబోయేదాన్ని అతడు వెనువెంటనే కాదంటే, చదువురాని ఇల్లాలి మాట ఒకవైపు, పనివాళ్ళను తెచ్చిన మేస్త్రీ మాట ఒకవైపు. న్యాయాధికారి ఎటు మొగ్గుతారో నాకు సందేహం లేదు.

ఆ ఇల్లాలు తడబడకుండా సాక్ష్యం చెప్పింది. ఎదుటి వకీలు అడ్డుప్రశ్నలు మెత్తగా వేశాడు. "ఆ మిల్లులో పనిచేసేవారంతా రాతిపిండితో తెల్లగా ఉంటారు కదా! అంతమందిలో నీ భర్త ఎవరో ఎలా గుర్తుపట్టేదానివి?"

"ముఖం బట్టి ఎవుళూ పోల్చనేరు సాహెబ్. దగ్గు బట్టి పోల్చుకునీదాన్ని," అన్నదామె.

న్యాయాధికారి వ్రాస్తున్న చేయి ఆగింది. ఎదుటి వకీలు ఆ ప్రశ్న వేసినందుకు నాలుక కరచుకున్నాడు. అయినా అతనికి బెంగ లేదు. లేచి, తమ సాక్షి కూడా సిద్ధంగా ఉన్నాడనీ, ఈ పూటే విచారిస్తే వ్యాజ్యం తెమిలిపోతుందనీ వినయంగా విన్నవించాడు. మేము కాదనడానికి వీలు లేకపోయింది.

మేస్త్రీ బోనెక్కాడు. ప్రమాణం చేశాడు. ఎదుటి వకీలు నవ్వు ముఖంతో, పాఠం అప్పజెప్పించుకునే ఉపాధ్యాయునిలా అడిగాడు: "ఫలానా మనిషి ఆ మిల్లులో పనిచేశాడా?"

మేస్త్రీ న్యాయాధికారి వైపు చూశాడు. తరువాత వెనక బల్ల మీద కూర్చున్న ఆ ఇల్లాలి వైపు చూశాడు.

"కియా, హుజూర్. చేశాడు. నా గ్యాంగులోనే చేశాడు."

ఎదుటి వకీలు నవ్వు అలాగే ఉండిపోయింది. దానిని తీసివేయడం కూడా అతడు మరచిపోయాడు. ఢిల్లీ న్యాయవాదిని బల్ల కింద నా మణికట్టు గట్టిగా పట్టుకున్నది.

"ప్రశ్న నీకు అర్థమైందా?" అన్నాడు వకీలు.

"అర్థమైంది సాహెబ్. మిల్లు ముందే దగ్గుతూ పడిపోయాడు. నేనే భుజాన వేసుకుని, ఆటో ఎక్కించి ఇంటికి చేర్చాను. ఆ తరువాత మళ్ళీ పనికి రాలేదు."

"ఇలా చెప్పమని నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకు కోడలు వరస అయిన ఆ పిల్ల తాంబూలం ఇచ్చింది."

న్యాయాధికారి కళ్ళద్దాలు తీసి, "తాంబూల్? యానీ పాన్-సుపారీ?" అని అడిగారు. జీవితమంతా ఎన్నో వాంగ్మూలాలు విన్న మనిషి ఆయన. ఆ ముఖంలో అంతటి ఆశ్చర్యం నేను ముందెన్నడూ చూడలేదు. మేస్త్రీ తల ఊపాడు. ఆయన ఒక నిమిషం ఆలోచించి, లేఖకునితో, "సాక్షి చెప్పినది చెప్పినట్లు వ్రాయి," అన్నారు. యజమాని మనుషులు అప్పటికే బయటికి నడిచారు. జీపు వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. మేస్త్రీ ఆ సాయంత్రం సాక్చి కూడలి దాకా నడిచి, పదిమంది ఎక్కే ఆటోలో ఇరుక్కుని ఇంటికి వెళ్ళాడని తరువాత తెలిసింది.

తీర్పు ఆ ఇల్లాలికి అనుకూలంగా వచ్చింది. ఆమె భర్త ఆ మిల్లులో పనిచేశాడనీ, అక్కడి ధూళివల్లనే మరణించాడనీ అందులో స్పష్టంగా ఉన్నది. పరిహారం సంగతి వేరు. అతడు అక్కడ పనిచేశాడన్న ఆ వాక్యం మాత్రం ఆమె నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నది. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, చివరికి అర్థం కాకపోయినా ఇంగ్లీషులో ఒకసారి.

మా వంగదేశపు పెద్దవకీలు ఈసారి చదరంగం బల్ల మీది నుండి తల ఎత్తాడు. "పండిత్‌జీ, మీ పక్షం వకీలు నియమం పాటించి వ్యాజ్యాన్ని ముంచింది. వాళ్ళ సాక్షి నియమం పాటించి తేల్చాడు. మధ్యలో మీరేం చేశారు?"

"ఆటో కుదిర్చాను," అన్నాను.

ఢిల్లీ న్యాయవాదినిని సాగనంపడానికి నేను టాటానగర్ స్టేషనుకు వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద ఆ ఇల్లాలు ముందే వచ్చి ఉన్నది. చేతిలో అదే పళ్ళెం, అవే ఆకులూ వక్కలూ. న్యాయవాదిని నా వైపు తిరిగి, "వ్యాజ్యం ముగిసింది కదా? అంటే నేనిప్పుడు ఆమె వకీలును కాను కదా?" అని ఇంగ్లీషులో నిర్ధారించుకున్నది. వకీలు బుద్ధి ఎక్కడికి పోతుంది! నేను అవునన్నాను. అప్పుడు ఆమె రెండు చేతులూ చాచి పుచ్చుకుని, అక్కడే ఒక ఆకు నోట్లో పెట్టుకున్నది. సున్నం ఎక్కువై నోరు మండి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అయినా ఆపుకోలేక, పకపకా నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.

రైలు కదలబోతుండగా న్యాయవాదిని కిటికీలో నుండి, "నేను పనిచేసిన గంటలు సంస్థకు చెప్పాలి. మేస్త్రీ గంటలు ఎవరి కింద చెప్పాలి?" అన్నది. హాస్యానికే అన్నది గాని, ఆమె ముఖంలో హాస్యం లేదు. సంస్థలో ఆ నియమం గురించి చర్చ పెడతానన్నది. పెట్టిందేమో, మార్చారేమో నాకు తెలియదు. ఆమెలాంటివారు ఇప్పుడు వందల సంఖ్యలో ఉన్నారని ఆ చిరంజీవులు చెప్పగా విని ఆనందించాను. ఉచితంగా చేయండి, తప్పక చేయండి. కాని కక్షిదారు మీ ముందుకు ఏదైనా పట్టుకుని వస్తే, అది ఏమిటో, ఎందుకో ముందు అడగండి. అడిగిన తరువాతే మీ నియమం చెప్పండి.

మేస్త్రీని మళ్ళీ చూసింది చాలా కాలానికి, సాక్చి కూరగాయల బజారులో. ఆ మిల్లు అతని గ్యాంగును సాక్ష్యం చెప్పిన మరునాడే మాన్పించింది. చిన్న చిన్న పనులకు మనుషులను కుదురుస్తూ కాలం గడుపుతున్నాడని విన్నాను. మీసాలు పూర్తిగా తెల్లబడ్డాయి. చేతిలో సంచి, సంచి నిండా వంకాయలు. నన్ను చూసి దండం పెట్టాడు.

ఇన్నాళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాను. "మేస్త్రీ, ఆ రోజు జీపెక్కేటప్పుడు ఏం చెప్పాలనుకున్నావు? నిజం చెప్పు."

"సేటు సెప్పమన్నదే సెప్పుదామనుకున్నాను బావు," అన్నాడు.

"మరి?"

అతడు నన్ను వింతగా చూశాడు. ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా విప్పి చెప్పాలా అన్నట్లు చూశాడు.

"తీసుకున్నాను కదండీ," అన్నాడు.

సంచి భుజానికెత్తుకుని, బాగ్‌బేరా వెళ్ళే ఆటో కోసం జనంలోకి నడిచాడు.